గాజువాకలో మూసిన షాపు, హైదరాబాద్ జీతంలో కోత

గాజువాక ఆటోనగర్‌లో ఇద్దరు స్నేహితులు కలిసి నట్లు, బోల్టులు, వెల్డింగ్ సామాను అమ్మే షాపు పెట్టారనుకుందాం. భాగస్వామ్య పత్రం రాసుకున్నారు, ఫర్మ్ రిజిస్టర్ చేయించారు. 2019లో వాళ్లలో ఒకరికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఇద్దరూ కూర్చుని లెక్కలు చూసుకున్నారు. “నీ వాటా నువ్వు పట్టుకెళ్లు, బాకీలన్నీ నేను తీర్చుకుంటా” అని రెండో అతను స్టాంపు కాగితం మీద రాసిచ్చాడు. మొదటి అతను భార్యాపిల్లలతో మియాపూర్ వెళ్లిపోయాడు. షాపు అదే బోర్డుతో మరో మూడేళ్లు నడిచి మూతపడింది. 2024లో ఒక నెల అతని జీతం పదమూడు వేలు తక్కువగా పడింది. ఆఫీసులో అడిగితే కోర్టు ఉత్తర్వు చూపించారు. విజయవాడ హోల్‌సేల్ వ్యాపారి ఒకరు 2021, 2022లో ఆ షాపుకి అరువు మీద పంపిన సరుకు తాలూకు బాకీ అది. ఆ సరుకు వచ్చేనాటికి అతను వైజాగ్‌లోనే లేడు.

ఇది కల్పించిన ఉదాహరణే. కానీ ఇందులో ప్రతి మెట్టూ చట్టం ప్రకారం జరగడానికి వీలున్నదే. హుద్‌హుద్ తుఫాను దెబ్బకి ఒకరు, లాక్‌డౌన్ దెబ్బకి ఒకరు, పిల్లల చదువుల కోసం ఇంకొకరు షట్టర్ దించేసి హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లినప్పుడు, సామాన్లతో పాటు వ్యాపారం కూడా వదిలిపోయిందనే అనుకుంటారు. ఊరు వదలడం వేరు, వ్యాపారం వదలడం వేరు. మొదటిదానికి లారీ చాలు. రెండోదానికి కాగితాలు కావాలి, అవి కూడా ఎవరికి చేరాలో వాళ్లకి చేరాలి.

ముందు ఆ ఆటోనగర్ షాపు సంగతే చూద్దాం. భాగస్వామ్య చట్టం 1932 నాటిది. దాని 25వ సెక్షన్ ప్రకారం ఫర్మ్ బాకీకి భాగస్వాములందరూ కలిసీ బాధ్యులే, ఎవరికి వారు విడిగానూ బాధ్యులే. అంటే నాలుగణాల వాటా ఉన్నవాడి దగ్గర కూడా బాకీ మొత్తం వసూలు చేయవచ్చు. తప్పుకున్న భాగస్వామి గురించి 32వ సెక్షన్ చెబుతుంది. తప్పుకునే నాటికి ఉన్న బాకీల నుంచి బయటపడాలంటే అప్పిచ్చినవాడు కూడా ఒప్పుకోవాలి. భాగస్వాములు తమలో తాము రాసుకున్న కాగితం వాళ్లిద్దరి మధ్యే పనిచేస్తుంది. దాన్ని పట్టుకుని మొదటి అతను తర్వాత రెండో అతని మీద దావా వేసి డబ్బు రాబట్టుకోవచ్చు. విజయవాడ వ్యాపారికి మాత్రం ఆ కాగితంతో సంబంధం లేదు.

మరి తప్పుకున్న తర్వాత పుట్టిన బాకీల సంగతేంటి? అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. తప్పుకున్నట్టు బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా, ఫర్మ్ చేసే కొత్త బాకీలకు కూడా పాత భాగస్వామి బయటివాళ్లకు బాధ్యుడిగానే ఉంటాడు. ఆ ప్రకటన ఎలా ఇవ్వాలో 72వ సెక్షన్‌లో ఉంది. రిజిస్టరైన ఫర్మ్ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కి నోటీసు ఇవ్వాలి, గెజిట్‌లో వేయించాలి, ఆ జిల్లాలో తిరిగే ఒక స్థానిక భాషా పత్రికలో వేయించాలి. మూడూ చేయాలి. రిజిస్టర్ కాని ఫర్మ్‌కి చివరి రెండూ తప్పవు. పేపర్లో చిన్న ప్రకటన వేయించి, కటింగ్ బీరువాలో దాచుకుని, పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. చట్టం దృష్టిలో ఆ పని సగమే అయింది. ఒక మినహాయింపు ఉంది. అతను భాగస్వామి అని అసలు తెలియకుండా ఫర్మ్‌తో లావాదేవీ చేసినవాడు, తప్పుకున్న తర్వాతి బాకీకి అతన్ని పట్టుకోలేడు. కానీ గల్లాపెట్టె దగ్గర పదేళ్లు కూర్చున్న మనిషి ఆ మాట చెప్పి బయటపడటం కష్టం.

జీఎస్టీకి గడువు కూడా ఉంది. భాగస్వామి తప్పుకున్న రోజు నుంచి నెలలోపు పన్ను కమిషనర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే ఆ సమాచారం అందే రోజు వరకూ ఫర్మ్ పన్ను బకాయి అతని మీద కూడా ఉంటుంది. ఇది 2017 సీజీఎస్టీ చట్టం 90వ సెక్షన్.

సొంత వ్యాపారం, అంటే ప్రొప్రయిటర్‌షిప్, మాటకి వస్తే వ్యవహారం సూటిగా ఉంటుంది. షాపు పేరు ఏదైనా చట్టం కంటికి షాపూ మనిషీ ఒకటే. షాపు బాకీ అంటే సొంత బాకీ. మధురవాడలో ఫ్లాటు ఉంటే దాని మీదకీ రావచ్చు, బ్యాంకు ఖాతా మీదకీ రావచ్చు. ఇక్కడ ఎక్కువ నష్టపోయేది ఇంట్లో ఆడవాళ్లు. భర్తకి ప్రభుత్వ ఉద్యోగమో ప్లాంటులో ఉద్యోగమో ఉంటుంది కాబట్టి వ్యాపారం భార్య పేరు మీద పెడతారు. జీఎస్టీ ఆమె పేరే, కరెంట్ ఖాతా ఆమె పేరే, చెక్కుల మీద సంతకాలూ ఆమెవే. సరుకు ఎవరు తెచ్చారో, అరువు ఎవరు చేశారో ఆమెకి తెలియకపోవచ్చు. నోటీసు మాత్రం ఆమె పేరు మీదే వస్తుంది. సంతకం పెట్టమన్నప్పుడు పెట్టడమే ఆమె చేసిన తప్పు. ఇలా పేరు వాడుకునేవాళ్లు, ఊరు మారేటప్పుడైనా ఆమె పేరు మీద ఏమేం బతికున్నాయో చూసి మూయించాలి.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) పెట్టుకున్నవాళ్లకి రక్షణ ఉన్నమాట నిజం. మోసం లేనప్పుడు కంపెనీ అప్పు కంపెనీదే. అయితే చిన్న కంపెనీకి బ్యాంకులు ఊరికే అప్పివ్వవు. డైరెక్టర్ల చేత సొంత హామీ రాయించుకుంటాయి. డైరెక్టర్ పదవికి రాజీనామా చేసి, కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఫారం వేసి, బెంగళూరు వెళ్లిపోయినవాడి రాజీనామా ఆ హామీని తాకదు. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. ముందు కంపెనీ మీదకి వెళ్లి, అక్కడ రాకపోతేనే హామీదారు దగ్గరకి రావాలన్న నియమం లేదని 1968లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లి, అక్కడ తక్కువ మొత్తానికి పరిష్కారం కుదిరినా, మిగిలిన దాని కోసం హామీదారుని అడగవచ్చని 2021 మే 21న లలిత్ కుమార్ జైన్ కేసులో మరోసారి స్పష్టం చేసింది. హామీ వెనక్కి తీసుకుంటున్నానని నోటీసు ఇస్తే, అది ఆపగలిగితే ఇక ముందు ఇచ్చే అప్పులనే ఆపుతుంది. అప్పటిదాకా ఇచ్చినవి హామీదారు నెత్తినే ఉంటాయి. పైగా ఆ హక్కును హామీ పత్రంలోనే వదులుకున్నారేమో చూడాలి. కాబట్టి కంపెనీ నుంచి తప్పుకునేటప్పుడు బ్యాంకు నుంచి విడుదల పత్రం తీసుకోవడం రాజీనామా కంటే ముఖ్యమైన పని. చీటీల్లో పాట పాడుకున్న స్నేహితుడికి పెట్టిన ష్యూరిటీ సంతకానికీ ఇదే సూత్రం.

బ్యాంకు అప్పు విషయంలో ఇంకో రెండు అపోహలున్నాయి. బ్యాంకు రైటాఫ్ చేసిందంటే మాఫీ అయిందనుకుంటారు. రైటాఫ్ బ్యాంకు తన పుస్తకాల్లో చేసుకునే సర్దుబాటు. వసూలు హక్కు దానితో పోదు. తాకట్టు లేకుండా గ్యారంటీ పథకం కింద తీసుకున్న లోను అయితే, ప్రభుత్వ ట్రస్టు బ్యాంకుకి డబ్బు కట్టేస్తుంది కాబట్టి తమ పని అయిపోయిందనుకుంటారు. ఆ గ్యారంటీ బ్యాంకు కోసం పెట్టింది. రుణగ్రహీత బాధ్యత అలాగే ఉంటుంది.

ఇక కాలదోషం, అంటే దావా వేసే గడువు దాటిపోవడం. “మూడేళ్లు దాటితే ఏం చేయలేరు” అన్న మాట పూర్ణా మార్కెట్‌లో ఏ షాపులో అడిగినా వినిపిస్తుంది. అందులో నిజం ఉంది, పూర్తి నిజం లేదు. అరువు సరుకుకీ, ప్రామిసరీ నోటుకీ దావా గడువు మూడేళ్లే. కానీ ఆ గడువు లోపల కొంత కట్టి, నోటు వెనక చెల్లు వేసి సంతకం పెట్టినా, “మీకు ఇంత ఇవ్వాలి” అని ఒప్పుకుంటూ ఉత్తరం రాసినా, ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. ఊరు మారే ముందు పరువు కోసం అందరికీ తలా ఐదు వేలు ఇచ్చి చెల్లు వేయించి వెళ్లేవాళ్లు ఉంటారు. మంచి మనసుతో చేసే పనే అది, కానీ గడువు మళ్లీ మొదలైందన్న సంగతి తెలిసి చేయాలి. గడువు దాటిన బాకీని తీరుస్తానని కొత్తగా రాసి సంతకం పెడితే, ఆ మాట కూడా చెల్లుతుంది. కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ దానికి ప్రాణం పోస్తుంది.

కోవిడ్ కాలపు బాకీలకి ఇంకో లెక్క ఉంది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని 2022 జనవరి 10న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2020 జనవరి 1న పుట్టిన బాకీకి మామూలుగా 2023 జనవరితో మూడేళ్లు నిండుతాయి. ఈ మినహాయింపుతో అది 2024 డిసెంబరు దాకా సాగింది. లాక్‌డౌన్‌లో మూసిన షాపుల బాకీల మీద ఆలస్యంగా దావాలు రావడానికి ఇదొక కారణం. తాకట్టు పెట్టిన ఆస్తి మీద దావాకి 12 ఏళ్ల గడువు ఉంటుంది. ఒకసారి డిక్రీ, అంటే దావాలో కోర్టు తీర్పు, వచ్చాక దాన్ని అమలు చేయించుకోవడానికీ 12 ఏళ్లు ఉంటాయి.

గల్ఫ్ వెళ్లినవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1963 లిమిటేషన్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ప్రతివాది దేశంలో లేని కాలాన్ని గడువులో లెక్కించరు. హైదరాబాద్ వెళ్లినవాడికి మూడేళ్లు మూడేళ్లే. దుబాయ్‌లో ఆరేళ్లు ఉండి వచ్చినవాడికి ఆ ఆరేళ్లూ లెక్కలోకి రావు. ఎంత దూరం వెళ్తే అప్పు అంత పాతబడుతుందన్న ఊహకి ఇది పూర్తిగా విరుద్ధం. అక్కడ వ్యాపారం చేసి బాకీలతో విశాఖ తిరిగొచ్చినవాళ్లకి కూడా 2020 జనవరి నుంచి పరిస్థితి మారింది. యూఏఈ సివిల్ కోర్టులు ఇచ్చే డబ్బు డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించుకునేలా కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది.

ఇప్పుడు మియాపూర్ ఇంటికి మళ్లీ వెళ్దాం. ఆ బాకీ న్యాయమా కాదా అన్నది ఒక ప్రశ్న. జీతం కోత పడేదాకా అతనికి తెలియకపోవడం ఏమిటన్నది రెండోది. ఊరు మారినవాళ్ల కేసుల్లో కొంప ముంచేది ఈ రెండోదే.

దావా వేసేవాడు ప్రతివాది ప్రస్తుతం ఉన్న ఊరికే వెళ్లాలని లేదు. లావాదేవీ జరిగిన చోట, అంటే విశాఖ కోర్టులోనే వేయవచ్చు. సమన్లు పాత చిరునామాకి వెళ్తాయి. ఇల్లు తాళం వేసి ఉందనో, ఖాళీ చేశారనో తిరిగొస్తాయి. అప్పుడు కోర్టు ప్రత్యామ్నాయ పద్ధతికి అనుమతిస్తుంది. చివరిసారిగా నివసించిన ఇంటి తలుపుకి సమన్లు అంటిస్తారు, లేదా ఆ ప్రాంతంలో తిరిగే పేపర్లో ప్రకటన వేస్తారు. ఆ ప్రకటన విశాఖ ఎడిషన్‌లో వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవాడికి అది కనిపించే అవకాశమే లేదు. చట్టం దృష్టిలో మాత్రం సమన్లు అందినట్టే. వాయిదాకి ఎవరూ రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ప్రతివాది లేకుండానే ఇచ్చే డిక్రీ, వస్తుంది. అందులో “నేను 2019లోనే తప్పుకున్నాను”, “ఈ బిల్లు నాది కాదు”, “గడువు దాటింది” అనే మాటలు వినే అవకాశమే ఉండదు. గెలవగలిగిన కేసు కూడా ఇలా పోతుంది.

డిక్రీని విశాఖ కోర్టు నుంచి హైదరాబాద్ కోర్టుకి బదిలీ చేయించుకోవచ్చు. అక్కడి నుంచి జీతం మీదకి రావచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. నెలకి నలభై వేలు వచ్చేవాడి నుంచి పదమూడు వేలు పోతాయన్నమాట. ఒకే డిక్రీ కింద ఇలా 24 నెలలకి మించి కోయకూడదు. ప్రావిడెంట్ ఫండ్‌ని తాకకూడదు. ఈ హద్దులు తెలియక, జీతమంతా పోతుందన్న భయంతో ఉద్యోగాలు మానేసేవాళ్లని తలచుకుంటే బాధేస్తుంది.

ఎక్స్‌పార్టీ డిక్రీ సంగతి తెలిసిన వెంటనే కదలాలి. సమన్లు సరిగా అందలేదని చూపించి దాన్ని రద్దు చేయించుకోవడానికి, తెలిసిన రోజు నుంచి 30 రోజులే గడువు. కొంత మొత్తం జమ చేయమని కోర్టు షరతు పెట్టవచ్చు. ఈ టెన్షన్ రాకుండా ముందే చేసుకోగలిగిన సులువైన పని ఒకటి ఉంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో విశాఖపట్నం జిల్లా ఎంచుకుని, సొంత పేరు, షాపు పేరు కొట్టి, మూడు నెలలకోసారి ఏ కేసైనా ఉందేమో చూసుకోవడం. దానికి ఖర్చు లేదు. అప్పుల చరిత్ర ఉండి ఊరు మారిన ప్రతి ఒక్కరూ ఇది అలవాటు చేసుకోవాలి. ముఖ్యమైన అప్పులిచ్చినవాళ్లకి కొత్త చిరునామా రిజిస్టర్డ్ పోస్టులో పంపడం ఇంకా మేలు. చిరునామా ఇస్తే ఇంటి మీదకి వస్తారేమోనని భయపడతారు. చిరునామా లేకపోతే వచ్చే డిక్రీ అంతకంటే భయపెట్టేది.

జీఎస్టీ నోటీసులు పోర్టల్‌లో పెట్టినా, రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఈమెయిల్‌కి పంపినా అందినట్టే లెక్క. ఆ ఈమెయిల్, ఫోన్ నంబరు చాలాసార్లు ఆడిటర్‌వి అయి ఉంటాయి. షాపు మూశాక ఆడిటర్‌కి ఫీజు ఆగిపోతుంది, ఆయన చూడటం కూడా ఆగిపోతుంది. రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకుని, మూడు నెలల్లోపు చివరి రిటర్న్ జీఎస్టీఆర్-10 వేస్తే ఆ తలుపు మూసుకుంటుంది. రద్దుకి ముందున్న పన్ను మాత్రం రద్దుతో పోదు. ఇల్లు తాకట్టులో ఉంటే, బ్యాంకు సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని కోర్టుకి వెళ్లకుండానే స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) కింద 60 రోజుల నోటీసిచ్చి తర్వాత ఇంటి గోడకి స్వాధీన నోటీసు అంటిస్తుంది. దాని మీద డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కి, వెళ్లడానికి 45 రోజులే ఉంటాయి. డీఆర్‌టీ విశాఖలోనే ఉంది. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లకి “గోడ మీద ఏ కాగితం అంటించినా ఫొటో తీసి పంపండి” అని చెప్పి ఉంచడం చిన్న జాగ్రత్త.

చెక్కులు వేరే కథ, ఇందులో జైలు కూడా ఉంది కాబట్టి. సరుకు తెచ్చినప్పుడు, ఫైనాన్స్ తీసుకున్నప్పుడు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఇస్తారు. ఊరు మారేటప్పుడు అవి అక్కడే ఉండిపోతాయి. చెక్కు తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది గానీ, ఖాళీ చెక్కు మీద తేదీ ఎప్పుడైనా పడవచ్చు. ఇష్టపూర్వకంగా ఇచ్చిన సంతకం చెక్కుని అవతలివాడు నింపుకున్నా, అది బాకీ కోసమే ఇచ్చినట్టు కోర్టు మొదట భావిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని చూపించే భారం సంతకం పెట్టినవాడిది. ఖాతా మూసేస్తే చెక్కు చెల్లదు కదా అనుకోవడం పొరపాటు. ఖాతా మూసి ఉండటం వల్ల తిరిగొచ్చినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని చెక్ బౌన్స్ సెక్షన్, 138వది, వర్తిస్తుంది. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. చెక్కు తీసుకున్నవాడు తన ఖాతాలో వేసుకుంటే, కేసు అతని బ్యాంకు బ్రాంచి ఉన్న చోట నడుస్తుంది. డాబా గార్డెన్స్ బ్రాంచిలో వేసిన చెక్కు కోసం హైదరాబాద్ నుంచి ప్రతి వాయిదాకీ రైలెక్కాలి. రాకపోతే వారెంటు. షాపు మూసే ముందు చేయాల్సిన పనుల్లో ఏదో ఒక్కటే చేయగలిగితే, అది ఇచ్చిన చెక్కులన్నీ వెనక్కి తెచ్చుకోవడమే అయి ఉండాలి.

మామూలు బాకీకి మాత్రం జైలు భయం అంతగా అక్కర్లేదు. డబ్బు లేక కట్టలేనివాడిని డిక్రీ పేరుతో జైల్లో పెట్టకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉండీ ఎగ్గొట్టేవాడి సంగతి వేరు. స్టేషన్‌కి పిలిపించి సెటిల్ చేయించడం పోలీసుల పని కాదు. బ్యాంకు వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది.

మన దగ్గర “ఐపీ పెట్టేశాడు” (దివాలా పిటిషన్ వేశాడు) అనే మాట తిట్టులా వాడతారు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసే ఆ పిటిషన్ నిజంగా కూలిపోయిన మనిషికి చట్టం చూపించిన దారి. అందులో ఆస్తి కోర్టు పెట్టిన రిసీవర్ చేతికి వెళ్తుంది, అప్పిచ్చినవాళ్లందరికీ పంచుతారు. ప్రభుత్వ బకాయిలు, మోసంతో చేసిన బాకీలు దానితో పోవు, తాకట్టు ఉన్నవాడి హక్కూ పోదు. పిటిషన్‌కి ముందు రెండేళ్లలో బావమరిది పేరు మీదకి ఉత్తుత్తిగా రాసిన స్థలాన్ని కోర్టు వెనక్కి తేగలదు. ఈ చట్టంలో ఊరు వదలడానికి సంబంధించిన ముక్క ఒకటుంది. అప్పిచ్చినవాళ్లకి అందకుండా ఉండాలనే ఉద్దేశంతో ఇల్లో వ్యాపార స్థలమో విడిచి వెళ్లడమే 6వ సెక్షన్ కింద ఒక దివాలా చర్య. దాని ఆధారంగా మూడు నెలల్లోపు అప్పిచ్చినవాడే పిటిషన్ వేయవచ్చు. ఉద్యోగం కోసం చెప్పి వెళ్లినవాడికీ, రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసినవాడికీ తేడా ఆ ఉద్దేశం దగ్గరే తేలుతుంది. అందుకే చెప్పి వెళ్లినట్టు ఒక ఉత్తరమో, వాట్సాప్ మెసేజో మిగిలి ఉండటం అవసరం.

సర్దుబాటుకి వచ్చేవాళ్లే ఎక్కువ. బ్యాంకుతో ఓటీఎస్ (ఒకేసారి కట్టి తేల్చుకునే ఒప్పందం), వ్యాపారులతో లోక్ అదాలత్ ఉన్నాయి. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన ఒప్పందం మీద అప్పీలూ ఉండదు, కాబట్టి కట్టగలిగిన మొత్తానికే ఒప్పుకోవాలి. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. ఫోన్ 15100. డబ్బు కట్టిన రోజే ప్రామిసరీ నోటు, చెక్కులు వెనక్కి తీసుకోవాలి. “ఇక ఏమీ రావలసింది లేదు” అని రాయించుకోవాలి. “కాగితాలు ఇంట్లో ఉన్నాయి, రేపిస్తా” అంటే డబ్బు కూడా రేపే ఇవ్వాలి.

తండ్రి బాకీల గురించి పిల్లలు అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. తండ్రి పోతే, ఆయన నుంచి వచ్చిన ఆస్తి విలువ మేరకే వాళ్లు బాధ్యులు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అన్న పాత హిందూ న్యాయసూత్రం ఆధారంగా కొడుకు మీదకి వెళ్లే దారిని 2005 సవరణ మూసేసింది. కొడుకు సొంత జీతం మీదకి ఆ బాకీ రాదు, అతను ఎక్కడైనా హామీ సంతకం పెట్టి ఉంటే తప్ప.